బ్రౌజరుకు దొరికిన దారి ప్రోగ్రాముకు ఎందుకు దొరకదు?

సారాంశం: ఆఫీసు నెట్‌వర్కులో బ్రౌజరు తెరిచే వెబ్‌సైటు, అదే కంప్యూటరులో నడిచే ప్రోగ్రాముకు అందకపోవడం తరచూ ఎదురయ్యే చిక్కు. బయటికి వెళ్లే రిక్వెస్టులను అందుకొని చేరవేసే మధ్యవర్తి సర్వర్ పేరు ప్రాక్సీ. దాని అమరిక కంప్యూటరు మొత్తానికీ ఒక్కసారి చేస్తే సరిపోతుందన్న అభిప్రాయమే దీనికి మూలం. నిజానికి ఆ అమరికను ఎక్కడ చదవాలో, ఏ పేరుకు ఏ అర్థం తీసుకోవాలో, ఏ చిరునామాలను మినహాయించాలో ప్రతి లైబ్రరీ (ప్రోగ్రాములు వాడుకునే సిద్ధ కోడు) తనకు తానే నిర్ణయించుకుంటుంది. ఆ తేడాలకు కారణాలనూ, వాటి ఫలితాలనూ ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

బెంగళూరులో వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ, అవుటర్ రింగ్ రోడ్డు వెంబడి ఉన్న సాఫ్ట్‌వేర్ కార్యాలయాల్లో కొత్తగా చేరే తెలుగు యువతీయువకులకు మొదటి వారంలోనే ఎదురయ్యే దృశ్యం ఒకటుంది. ల్యాప్‌టాప్ చేతికి వస్తుంది, బ్రౌజరులో ఏ పేజీ అయినా తెరుచుకుంటుంది, పైథాన్ ప్యాకేజీలు కూడా సజావుగా దిగుతాయి. తీరా రాసిన ప్రోగ్రామును నడిపితే అది చాలాసేపు కదలక మెదలక ఉండి, చివరకు గడువు దాటిందన్న సందేశంతో ఆగిపోతుంది. పక్క సీటులోని సహోద్యోగి యంత్రంలో అదే ప్రోగ్రాము పనిచేస్తుంది కాబట్టి తప్పు నెట్‌వర్కుదా, ప్రోగ్రాముదా, లైబ్రరీదా అన్నది తేలదు.

ఆ నిశ్శబ్దానికి ఒక కారణం ఉంది. పెద్ద సంస్థల్లో రాకపోకలను వడకట్టే ఫైర్‌వాల్ బయటికి నేరుగా వెళ్లే కనెక్షన్లను తిరస్కరిస్తున్నానని చెప్పకుండా, ప్యాకెట్లను మౌనంగా పారేసేలా అమర్చి ఉంటుంది. అవతలి నుంచి కాదన్న జవాబైనా రాదు కాబట్టి ప్రోగ్రాము గడువు తీరేదాకా ఎదురుచూస్తుంది. కొన్ని నెట్‌వర్కుల్లో పేర్లకు అంకెల చిరునామా చెప్పే లోపలి డీఎన్ఎస్ సర్వర్ బయటి పేర్లకు జవాబు చెప్పదు, అక్కడ పేరు దొరకలేదన్న సందేశం వెంటనే వస్తుంది. ఈ రెండు లక్షణాలూ ఒకే సంగతిని సూచిస్తాయి. మామూలు వెబ్ ప్రాక్సీ గుండా వెళ్లే ప్రోగ్రాము గమ్యం పేరును తాను వెతకదు, ఆ పని ప్రాక్సీకి వదిలేస్తుంది. కాబట్టి గమ్యం పేరు దొరకలేదన్న ఫిర్యాదు ప్రోగ్రాము నుంచి వచ్చిందంటే, అది ప్రాక్సీ దారి పట్టనే లేదని దాదాపు ఖాయంగా చెప్పవచ్చు.

టెలిగ్రాం, ట్రంకు కాల్

ప్రాక్సీ అన్న ఒక్క మాట కింద రెండు వేర్వేరు పనులు ఉన్నాయి. ఈ తేడా మనసుకు పట్టకపోతే తరువాతి గందరగోళం ఏదీ విడిపోదు.

2013 జులైలో సేవ ముగిసేదాకా మన దేశంలో టెలిగ్రాం ఇవ్వాలంటే తంతి కార్యాలయంలో ఫారం మీద విషయమంతా రాసి గుమస్తాకు అందించేవారు. ఆయన దాన్ని పూర్తిగా చదివి అవతలి ఊరికి పంపేవాడు. ట్రంకు కాల్ పద్ధతి వేరు. ఎక్స్ఛేంజీలో ఆపరేటరుకు ఊరి పేరు, నంబరు మాత్రమే చెబితే ఆయన లైను కలిపి పక్కకు తప్పుకునేవాడు, మాటలు మాత్రం ఇద్దరి మధ్యే సాగేవి. రక్షణ లేని మామూలు హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ ప్రాక్సీ వద్దకు టెలిగ్రాంలా చేరుతుంది. మొదటి పంక్తిలోనే గమ్యం చిరునామా పూర్తిగా రాసి ఉంటుంది, లోపలి విషయమంతా ప్రాక్సీ చదవగలదు, అవసరమైతే మార్చగలదు, నిల్వ చేసుకోగలదు. హెచ్‌టీటీపీఎస్ రిక్వెస్ట్ ట్రంకు కాల్ లాంటిది. ప్రోగ్రాము ముందుగా 'కనెక్ట్' అనే పద్ధతిలో గమ్యం పేరు, పోర్టు నంబరు మాత్రమే చెబుతుంది. ప్రాక్సీ అటువైపు లైను కలిపి 200 అనే జవాబు ఇస్తుంది. ఆ తరువాత గుప్తీకరించిన సంభాషణ గమ్యానికీ ప్రోగ్రాముకూ మధ్య నేరుగా సాగుతుంది. 2022 జూన్‌లో వెలువడిన హెచ్‌టీటీపీ ప్రమాణ పత్రం, ఆర్‌ఎఫ్‌సీ 9110, ఈ పద్ధతిని స్పష్టంగా నిర్వచించింది.

అమరికలో తరచూ జరిగే పొరపాటు ఇక్కడే పుడుతుంది. ప్రాక్సీ చిరునామాను సాధారణంగా ఎన్వైరాన్‌మెంట్ వేరియబుళ్లలో, అంటే ప్రోగ్రాము మొదలైనప్పుడు దానికి అందే పేరు-విలువ జతల్లో, రాస్తారు. 'హెచ్‌టీటీపీఎస్_ప్రాక్సీ' అనే పేరులోని మొదటి భాగం ప్రాక్సీతో ఎలా మాట్లాడాలో చెప్పదు, ఏ రకం గమ్యాలకు ఆ ప్రాక్సీని వాడాలో చెబుతుంది. ప్రాక్సీతో మాట్లాడే తీరును చెప్పేది ఆ పేరుకు ఇచ్చే విలువ, అంటే ప్రాక్సీ చిరునామా ముందుండే భాగం. చాలా ఆఫీసుల్లో ప్రాక్సీ మామూలు హెచ్‌టీటీపీలోనే మాట్లాడుతుంది కాబట్టి, హెచ్‌టీటీపీఎస్ గమ్యాలకైనా ప్రాక్సీ చిరునామాను హెచ్‌టీటీపీతోనే మొదలుపెట్టాలి. పేరులో ఉన్నది చూసి విలువలోనూ హెచ్‌టీటీపీఎస్ అని రాసినవారు చాలాకాలం ఏ ఇబ్బందీ పడలేదు. పైథాన్‌లో అనేక ప్యాకేజీలకు పునాది అయిన యూఆర్ఎల్‌లిబ్3, ఆ అక్షరాన్ని పట్టించుకోకుండా ప్రాక్సీతో మామూలుగానే మాట్లాడేది. 2020 నవంబరులో వచ్చిన 1.26 వెర్షన్ రాసిన మాటను రాసినట్టే తీసుకొని, ప్రాక్సీతోనూ గుప్తీకరణ మొదలుపెట్టింది. అంతకాలం నడిచిన అమరికలు రాత్రికి రాత్రి విఫలమయ్యాయి. లైబ్రరీ చేసింది సరైన పనే. తప్పు రాతను సహించి నడిపించిన సంవత్సరాల ఫలితాన్ని వాడుకరులు ఒకేసారి అనుభవించవలసి వచ్చింది. ఆ లైబ్రరీ తరువాత, ప్రాక్సీ హెచ్‌టీటీపీ మాత్రమే మాట్లాడుతున్నట్టుందనీ, చిరునామాను మార్చి చూడమనీ తన దోష సందేశంలోనే చెప్పసాగింది.

వెబ్‌కే పరిమితం కాని కనెక్షన్లనూ చేరవేసే సాక్స్ రకం ప్రాక్సీలో ఇంకొక సూక్ష్మం ఉంది. పైథాన్ రిక్వెస్ట్స్ లైబ్రరీలోనూ, కర్ల్ అనే కమాండు పనిముట్టులోనూ 'సాక్స్5' అని రాస్తే గమ్యం పేరును ప్రోగ్రామే వెతుకుతుంది, 'సాక్స్5హెచ్' అని రాస్తే ఆ పనిని ప్రాక్సీకి అప్పగిస్తుంది. లోపలి డీఎన్ఎస్ బయటి పేర్లు చెప్పని చోట ఈ ఒక్క అక్షరమే పని జరగడానికీ జరగకపోవడానికీ తేడా.

ప్రమాణంగా మారని ఆచారం

ఈ వేరియబుల్ పేర్లు ఎక్కడి నుంచి వచ్చాయి? వెబ్ తొలినాళ్లలో యూరప్‌లోని సెర్న్ పరిశోధన సంస్థ తయారుచేసిన సాఫ్ట్‌వేర్ నుంచే. 1994లో ఆరి లువోటోనెన్, కెవిన్ ఆల్టిస్ రాసిన పరిశోధన పత్రం వెబ్ ప్రాక్సీ ఆలోచనను వివరించింది. అప్పటికి హెచ్‌టీటీపీతో పాటు ఎఫ్‌టీపీ, గోఫర్, వైస్ వంటి పద్ధతులూ వాడుకలో ఉండేవి. ఒక్కో రకం గమ్యానికి ఒక్కో ప్రాక్సీని చూపించే వీలుండాలి కాబట్టి ఒక్కో పద్ధతి పేరుతో ఒక్కో వేరియబుల్ ఏర్పడింది. పేరులోని మొదటి భాగం గమ్యానికి ఎందుకు సంబంధించిందో ఈ పుట్టుక చూస్తే అర్థమవుతుంది. గోఫర్, వైస్ దాదాపు కనుమరుగయ్యాయి, వాటి కోసం పుట్టిన పేరు కట్టే తీరు మాత్రం మిగిలింది. ఆ తీరును ఏ సంస్థా ప్రమాణంగా రాసి పెట్టలేదు. కర్ల్, డబ్ల్యూగెట్, లింక్స్ వంటి పనిముట్లు ఒకదాన్ని చూసి ఒకటి అనుసరించాయి. వాటి తరువాత వచ్చిన లైబ్రరీలు తమకు తోచిన సవరణలు చేర్చుకున్నాయి.

అక్షరాల పరిమాణం కూడా అలాంటి సవరణే. మొదట్లో పేర్లన్నీ చిన్న అక్షరాల్లో ఉండేవి. తరువాత పెద్ద అక్షరాల పేర్లనూ చాలా లైబ్రరీలు చదవడం మొదలుపెట్టాయి. కర్ల్ మాత్రం హెచ్‌టీటీపీ_ప్రాక్సీని నేటికీ చిన్న అక్షరాల్లో ఉంటేనే గుర్తిస్తుంది, మిగతా వేరియబుళ్లను ఎలా రాసినా చదువుతుంది. చాలామంది దీన్ని లోపంగా భావిస్తారు. నిజానికి ఇది భద్రత కోసం కావాలని విధించుకున్న నియమం.

కారణం సీజీఐలో, అంటే వెబ్ సర్వర్ తనకు వచ్చిన రిక్వెస్టును మరో ప్రోగ్రాముకు అప్పగించే పద్ధతిలో ఉంది. ఆ పద్ధతిలో వెబ్ సర్వర్ రిక్వెస్టుతో వచ్చిన ప్రతి హెడరునూ (అదనపు వివరం చెప్పే పంక్తిని) 'హెచ్‌టీటీపీ_' అనే ముందుమాట చేర్చి, పెద్ద అక్షరాల్లో, ఎన్వైరాన్‌మెంట్ వేరియబుల్‌గా ప్రోగ్రాముకు అందిస్తుంది. బయటివాడు ఎవడైనా 'ప్రాక్సీ' అనే పేరుతో ఒక హెడరు పంపితే, అది లోపల సరిగ్గా పెద్ద అక్షరాల హెచ్‌టీటీపీ_ప్రాక్సీగా మారుతుంది. అప్పుడు ఆ సర్వర్‌లోని ప్రోగ్రాము బయటికి పంపే రిక్వెస్టులు, వాటిలోని రహస్యాలతో సహా, ఆ బయటివాడు చెప్పిన యంత్రం గుండా ప్రయాణిస్తాయి. పెర్ల్‌లోని ఎల్‌డబ్ల్యూపీ లైబ్రరీ, కర్ల్ ఈ ప్రమాదాన్ని 2001లోనే గుర్తించి సరిదిద్దుకున్నాయి. ఆ జ్ఞానం మిగతావారికి చేరలేదు. 15 ఏళ్ల తరువాత, 2016 జులైలో, హెచ్‌టీటీపాక్సీ అనే పేరుతో అదే లోపం పీహెచ్‌పీ, గో, పైథాన్, అపాచీ సర్వర్ వంటి అనేక చోట్ల ఒకేసారి బయటపడింది. ఒక ఆచారం రాతలోకి ఎక్కకపోతే దానిలోని ప్రమాదాన్ని ప్రతి తరమూ కొత్తగా కనుక్కోవలసి వస్తుందనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ ఈ రంగంలో లేదు. ఇప్పుడు గో, పైథాన్ లైబ్రరీలు తాము సీజీఐ కింద నడుస్తున్నట్టు కనిపిస్తే ఆ వేరియబుల్‌ను వాడవు.

ఎవరు చదువుతారు, ఎవరు చదవరు

పైథాన్ ఒక్కదాన్ని తీసుకున్నా ఈ వైవిధ్యం తెలుస్తుంది. భాషతో పాటు వచ్చే యూఆర్ఎల్‌లిబ్, ముందు వేరియబుళ్లను చూస్తుంది. అవి లేకపోతే విండోస్‌లో రిజిస్ట్రీనీ, మ్యాక్‌లో సిస్టమ్ సెట్టింగులనూ అడుగుతుంది. లినక్స్‌లో అలా అడిగే చోటు లేదు. విండోస్ ల్యాప్‌టాప్‌లో ఏ వేరియబుల్ పెట్టకుండానే నడిచిన ప్రోగ్రాము లినక్స్ సర్వర్‌కు ఎక్కగానే మొరాయించడానికి ఇదొక్కటే కారణమైన సందర్భాలు ఎన్నో. అత్యధికులు వాడే రిక్వెస్ట్స్ లైబ్రరీ ఇదే సమాచారాన్ని వాడుకుంటుంది. దాని కింద పొరలో ఉన్న యూఆర్ఎల్‌లిబ్3ను నేరుగా వాడితే అది ఏ వేరియబుల్‌నూ చదవదు, ప్రాక్సీ మేనేజరు అనే వస్తువును ప్రోగ్రామరే సృష్టించి ఇవ్వాలి. ఒకేసారి అనేక రిక్వెస్టులను నడిపే అసింక్ పద్ధతిలో పనిచేసే ఏఐఓహెచ్‌టీటీపీలో 'ట్రస్ట్_ఎన్వ్' అనే అమరిక మామూలుగా మూసి ఉంటుంది, తెరిస్తే తప్ప వేరియబుళ్ల జోలికి పోదు. అదే పేరున్న అమరిక రిక్వెస్ట్స్‌లోనూ, హెచ్‌టీటీపీఎక్స్ అనే మరో పైథాన్ లైబ్రరీలోనూ తెరిచే ఉంటుంది. వేగం కోసం రిక్వెస్ట్స్ నుంచి ఏఐఓహెచ్‌టీటీపీకి మారిన బృందానికి ప్రాక్సీ ఒక్కసారిగా మాయమైనట్టు అనిపించడానికి ఈ తేడా చాలు.

రిక్వెస్ట్స్‌లో ప్రాధాన్య క్రమం గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అనేక రిక్వెస్టులకు ఉమ్మడి అమరికలు ఉంచే సెషన్ వస్తువుకు ప్రాక్సీని ప్రోగ్రాములోనే స్పష్టంగా ఇచ్చినప్పుడు, అది ఎన్వైరాన్‌మెంట్ వేరియబుల్ కంటే బలమైనదని ఎవరైనా అనుకుంటారు. జరిగేది వేరు. వేరియబుల్ ఉంటే సెషన్‌కు ఇచ్చిన విలువను అది పక్కకు నెడుతుంది. ఆ లైబ్రరీ పత్రాల్లోనే ఈ హెచ్చరిక ఉంది, అయినా చదివేవారు తక్కువ. వేరియబుల్‌ను మించి నిలవాలంటే ప్రాక్సీని ప్రతి రిక్వెస్టుతో విడిగా పంపాలి, లేదా ట్రస్ట్_ఎన్వ్‌ను మూసివేయాలి. మూసివేతకూ ఒక మూల్యం ఉంది: ఆ ఒక్క మీట ప్రాక్సీతో పాటు నెట్ఆర్‌సీ ఫైలులోని లాగిన్ వివరాలనూ, వెబ్‌సైట్ల గుర్తింపు తనిఖీకి వాడే సర్టిఫికెట్ల కట్ట ఎక్కడుందో చెప్పే వేరియబుల్‌నూ చదవనివ్వదు. ప్రాక్సీ సమస్యను తీర్చిన మార్పు వల్ల సర్టిఫికెట్ సమస్య తలెత్తడం ఇందుకే.

హెచ్‌టీటీపీఎక్స్ మార్పు మరో కోణాన్ని చూపిస్తుంది. మొదట అది 'ప్రాక్సీస్' అనే బహువచన పరామితిని తీసుకునేది. 0.26 వెర్షన్‌లో దాన్ని విరమించబోతున్నట్టు ప్రకటించి, 2024 నవంబరులో వచ్చిన 0.28లో పూర్తిగా తొలగించింది. ఇప్పుడు ఏకవచనంలో 'ప్రాక్సీ', వేర్వేరు గమ్యాలకు వేర్వేరు దారులు కావాలంటే 'మౌంట్స్' వాడాలి. ఈ లైబ్రరీ మీద కట్టిన కొన్ని ప్యాకేజీలు పాత పరామితినే లోపల పంపుతుండటంతో, జీవితంలో ప్రాక్సీ వాడని వారి ప్రోగ్రాములు సైతం 'ప్రాక్సీస్' అనే తెలియని పరామితి వచ్చిందంటూ ఆగిపోయాయి. పరోక్షంగా దిగే ప్యాకేజీల వెర్షన్లను కూడా కట్టడిలో ఉంచిన బృందాలు దీని నుంచి తప్పించుకున్నాయి.

గో భాష దారి కొంత సూటిగా ఉంటుంది. దానిలో కనెక్షన్లను నడిపే భాగమైన డిఫాల్ట్ ట్రాన్స్‌పోర్ట్ వేరియబుళ్లను చదువుతుంది. గడువులూ కనెక్షన్ల సంఖ్యా మార్చుకోవడానికి సొంతంగా ఒక కొత్త ట్రాన్స్‌పోర్ట్ రాసుకున్నవారు అందులో ప్రాక్సీ గడిని నింపడం మరిస్తే, ప్రాక్సీ ఏమీ లేకుండానే అది నడుస్తుంది. ఇంకో విశేషం, గో వేరియబుళ్లను ఒక్కసారే చదివి గుర్తుంచుకుంటుంది. ప్రోగ్రాము నడుస్తుండగా వాటిని మార్చినా ఫలితం ఉండదు.

జావా ప్రపంచం పూర్తిగా వేరు. జావా ప్రోగ్రాములను నడిపే జేవీఎం ఈ వేరియబుళ్లను అసలు చూడదు. ప్రాక్సీ హోస్టు, ప్రాక్సీ పోర్టు అనే సిస్టమ్ ప్రాపర్టీలను హెచ్‌టీటీపీకి ఒక జత, హెచ్‌టీటీపీఎస్‌కు ఒక జతగా ఇవ్వాలి. పోర్టు ఇవ్వడం మరిస్తే అది 80, 443 అని తనే అనుకుంటుంది, ఆఫీసు ప్రాక్సీ మాత్రం స్క్విడ్ అనే ప్రాక్సీ సాఫ్ట్‌వేర్ అలవాటు చేసిన 3128లోనో మరో పోర్టులోనో వింటూ ఉంటుంది. జావా ప్రోగ్రాములను కూర్చే పనిముట్లలో మేవెన్‌కు సెట్టింగ్స్ ఫైలు, గ్రేడిల్‌కు ప్రాపర్టీస్ ఫైలు మళ్లీ విడివిడిగా ఉన్నాయి.

బ్రౌజరు బయట జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్ విషయంలో పరిస్థితి ఇప్పుడిప్పుడే మారుతోంది. చాలాకాలం నోడ్ మూల లైబ్రరీ కానీ, తరువాత చేరిన ఫెచ్ కానీ వేరియబుళ్లను చదవలేదు. నోడ్ ప్యాకేజీలు దింపే ఎన్‌పీఎం మాత్రం చదువుతుంది, కాబట్టి ప్యాకేజీలు దిగి ప్రోగ్రాము నడవని వింత దృశ్యం ఇక్కడ మామూలే. ప్రాక్సీ ఏజెంటు ప్యాకేజీని విడిగా చేర్చుకోవడమే అప్పట్లో మార్గం. 2025లో మొదలైన 24వ తరం విడుదలల్లో 'నోడ్_యూజ్_ఎన్వ్_ప్రాక్సీ' అనే వేరియబుల్‌కు 1 అని విలువ ఇస్తే ఈ ఆచారాన్ని పాటించే వీలు వచ్చింది. అడిగితే తప్ప తెరుచుకోని ఈ పద్ధతి జాగ్రత్తగా తీసుకున్న నిర్ణయం, ఎందుకంటే పాత ప్రోగ్రాములు చెప్పాపెట్టకుండా దారి మార్చుకోవు.

మినహాయింపుల జాబితా: అసలు చిక్కు ఇక్కడ

ప్రాక్సీని వాడమని చెప్పడం సులువు, ఎక్కడ వాడకూడదో చెప్పడమే కష్టం. లోపలి గిట్ సర్వర్, లోపలి ప్యాకేజీ నిల్వ, సొంత యంత్రంలో నడిచే పరీక్షా సర్వర్ ప్రాక్సీ గుండా వెళ్లకూడదు. ఇందుకోసం ఉన్న 'నో_ప్రాక్సీ' వేరియబుల్‌ను లైబ్రరీలు చదివే తీరులో ఉన్నంత భేదం మరెక్కడా లేదు.

'ఎగ్జాంపుల్.కామ్' అని రాస్తే గో, కర్ల్, పైథాన్ మూడూ ఆ పేరునూ దాని కింది పేర్లనూ మినహాయిస్తాయి. ముందు చుక్క పెట్టి రాస్తే కర్ల్, పైథాన్ మూల లైబ్రరీ ఆ చుక్కను తీసేసి పాత అర్థమే చెబుతాయి, గో మాత్రం కింది పేర్లను మాత్రమే మినహాయిస్తుంది. నక్షత్రం గుర్తు, చుక్క కలిపి రాస్తే గో అర్థం చేసుకుంటుంది, కర్ల్, పైథాన్ చేసుకోవు. రిక్వెస్ట్స్ చివరి అక్షరాలు కలిశాయా లేదా అని మాత్రమే చూస్తుంది, కాబట్టి 'ఎగ్జాంపుల్.కామ్' అన్న మినహాయింపు 'మైఎగ్జాంపుల్.కామ్' అనే సంబంధం లేని చిరునామాకు కూడా వర్తిస్తుంది. జావాలో పేర్ల మధ్య కామాకు బదులు నిలువు గీత ఉండాలి. కామాలతో నిండిన జాబితాను తెచ్చి జావా ప్రాపర్టీలో అతికించినవారికి ఏ దోష సందేశమూ రాదు, మినహాయింపు మాత్రం పనిచేయదు.

ఐపీ చిరునామాల శ్రేణి రాయడంలో మరో అపోహ ఉంది. 10.0.0.0/8 అని, అంటే 10తో మొదలయ్యే చిరునామాలన్నీ అని, రాస్తే లోపలి నెట్‌వర్కు మొత్తం మినహాయింపులోకి వస్తుందని చాలామంది నమ్మకం. గో, రిక్వెస్ట్స్, 2022 అక్టోబరులో వచ్చిన 7.86.0 నుంచి కర్ల్ ఈ రాతను గుర్తిస్తాయి, పైథాన్ మూల లైబ్రరీ, జావా గుర్తించవు. గుర్తించే లైబ్రరీలైనా, ప్రోగ్రాములో చిరునామాను అంకెల్లోనే రాసినప్పుడు మాత్రమే పోల్చి చూస్తాయి. లోపలి సర్వర్‌ను పేరుతో పిలిస్తే, ఆ పేరు 10తో మొదలయ్యే చిరునామాకు చెందినదా కాదా అని అవి వెతకవు. పేర్లకు పేర్లే రాయాలి, అంకెలకు అంకెలే రాయాలి.

సొంత యంత్రం చిరునామా అయిన 127.0.0.1ను గో, జావా అడగకుండానే మినహాయిస్తాయి. కర్ల్, రిక్వెస్ట్స్ లినక్స్‌లో అలా చేయవు. పక్క టెర్మినల్‌లో నడుస్తున్న పరీక్షా సర్వర్‌ను పిలిస్తే ఆఫీసు ప్రాక్సీ ఇచ్చిన నిరాకరణ పేజీ తిరిగి రావడానికి కారణం అదే. క్లౌడ్ యంత్రాల్లో తమ వివరాలు చెప్పే 169.254.169.254 చిరునామా కూడా జాబితాలో లేకపోతే ఇలాగే ప్రాక్సీకి వెళ్తుంది. ఆ ప్రశ్న ప్రాక్సీకి చేరితే జవాబు రాకపోవచ్చు, వచ్చినా అది ప్రాక్సీ యంత్రానికి చెందిన జవాబు అయ్యే ప్రమాదం ఉంది. తాత్కాలిక అధికార పత్రాలు దొరికే చోటు అది కాబట్టి ఈ ఒక్క అంకెనూ జాబితాలో మరవకూడదు.

సర్టిఫికెట్, సంకేతపదం

కొన్ని సంస్థల్లో ట్రంకు కాల్‌ను కూడా ఆపరేటరు వింటాడు. ప్రాక్సీ గమ్యానికి బదులు తన సర్టిఫికెట్‌ను చూపించి, గుప్తీకరణను మధ్యలో విప్పి, తనిఖీ చేసి, మళ్లీ కట్టి పంపుతుంది. సంస్థ తన మూల సర్టిఫికెట్‌ను ఆఫీసు ల్యాప్‌టాప్‌ల సిస్టమ్ నిల్వలో చేర్చి ఉంచుతుంది, సిస్టమ్‌ను నమ్మే బ్రౌజరు అందుకే అభ్యంతరం చెప్పదు. రిక్వెస్ట్స్ మాత్రం సిస్టమ్ నిల్వను కాకుండా సర్టిఫై అనే ప్యాకేజీలోని జాబితాను నమ్ముతుంది. జావాకు తన సొంత నిల్వ ఉంది. నోడ్ తనతో పాటు ఒక జాబితాను మోసుకొస్తుంది. అందువల్ల ప్రాక్సీ అమరిక పూర్తిగా సరైనదైనా సర్టిఫికెట్ నమ్మదగినది కాదన్న సందేశం వస్తుంది. రిక్వెస్ట్స్_సీఏ_బండిల్, నోడ్_ఎక్స్‌ట్రా_సీఏ_సర్ట్స్ వంటి వేరియబుళ్ల ద్వారా సంస్థ సర్టిఫికెట్ ఎక్కడుందో చెప్పడం సరైన మార్గం. 2024లో వచ్చిన పిప్ 24.2, పైథాన్ 3.10, ఆ పై వెర్షన్లలో సిస్టమ్ నిల్వను తానే చూస్తుంది కాబట్టి ఈ భాగం కొంత తేలికపడింది. సర్టిఫికెట్ తనిఖీనే ఆపివేసే పంక్తిని తాత్కాలికమని చేర్చడం మాత్రం ప్రమాదకరం. ఆఫీసులో ఎవరు మధ్యలో ఉన్నారో తెలుసు, అదే ప్రోగ్రాము వేరే నెట్‌వర్కులో నడిచినప్పుడు తెలియదు.

లాగిన్ అడిగే ప్రాక్సీ 407 అనే జవాబుతో ఆపుతుంది. వివరాలను ప్రాక్సీ చిరునామాలోనే పేరు, సంకేతపదంగా రాయడం అలవాటు. సంకేతపదంలో @ గుర్తు ఉంటే దాన్ని %40 అనీ, # గుర్తు ఉంటే %23 అనీ మార్చి రాయాలి, లేకపోతే కొన్ని లైబ్రరీలు సంకేతపదంలోని @ తరువాతి ముక్కను సర్వర్ పేరుగా చదువుకోవచ్చు. ఇలా రాసిన వివరాలు ఆ టెర్మినల్ నుంచి పుట్టే ప్రతి ప్రోగ్రాముకూ వారసత్వంగా వెళ్తాయి, లాగ్ ఫైళ్లలోనూ తేలుతాయి. విండోస్ లాగిన్‌తో ముడిపడిన ఎన్‌టీఎల్ఎం, కెర్బరోస్ పద్ధతులను చాలా లైబ్రరీలు తమంతట తాము మాట్లాడలేవు, అలాంటి చోట సీఎన్‌టీఎల్ఎం వంటి చిన్న మధ్యవర్తి ప్రోగ్రామును సొంత యంత్రంలోనే నడిపి, లైబ్రరీలకు దాని చిరునామా ఇస్తారు. జావాలో 2016 అక్టోబరు నాటి 8యూ111 నుంచి, హెచ్‌టీటీపీఎస్ గమ్యాల కోసం ప్రాక్సీకి బేసిక్ పద్ధతిలో లాగిన్ ఇవ్వడం మామూలుగా నిషిద్ధం. వివరాలన్నీ సరిగా ఉన్నా 407 వదలకపోతే మొదట చూడవలసింది ఆ నిషేధాన్నే.

శుక్రవారం సాయంత్రం ల్యాప్‌టాప్

బెంగళూరు నుంచి హిందూపురం, అనంతపురం, కడప వైపు వారాంతంలో వెళ్లి, సోమవారం ఇంటి నుంచే పని మొదలుపెట్టేవారికి మరో రూపంలో ఈ చిక్కు ఎదురవుతుంది. ఆఫీసులో షెల్ ప్రొఫైల్ ఫైలులో రాసి పెట్టిన వేరియబుల్ ఊరికీ వెంట వస్తుంది. ప్రాక్సీ పేరు ఆఫీసు నెట్‌వర్కు లోపలే దొరుకుతుంది కాబట్టి ఇంటి వైఫైలో ప్రతి కమాండూ విఫలమవుతుంది, బ్రౌజరు మాత్రం యథాతథంగా నడుస్తుంది. ఆఫీసు బ్రౌజర్లు ఎక్కువగా పాక్ ఫైలు మీద ఆధారపడటమే కారణం. 1996లో నెట్‌స్కేప్ 2.0తో వచ్చిన ఈ పద్ధతిలో, చిరునామాను బట్టి ప్రాక్సీ వాడాలా, నేరుగా వెళ్లాలా అన్నది ఒక జావాస్క్రిప్ట్ ఫంక్షన్ తేలుస్తుంది. ఆ ఫైలు అందకపోతే బ్రౌజరు సాధారణంగా నేరుగా వెళ్తుంది. వేరియబుల్‌కు అలాంటి వివేచన లేదు, జావాస్క్రిప్ట్ నడపగల శక్తి చాలా లైబ్రరీలకు లేదు. వేరియబుల్‌ను ప్రొఫైల్‌లో శాశ్వతంగా రాయకుండా, పెట్టడానికి ఒకటి, తీయడానికి ఒకటి చొప్పున రెండు చిన్న షెల్ ఫంక్షన్లు ఉంచుకోవడం ఈ ఇబ్బందికి నిలకడైన విరుగుడు.

సర్వర్లలో ఇందుకు వ్యతిరేక సమస్య ఉంటుంది: పెట్టిన వేరియబుల్ చేరవలసిన చోటికి చేరదు. మరో వాడుకరి అధికారంతో కమాండు నడిపే సుడో దాన్ని సాధారణంగా వడకట్టి పారేస్తుంది. లినక్స్‌లో నేపథ్య సేవలను చూసుకునే సిస్టమ్‌డీ నడిపే సేవలు లాగిన్ షెల్ ఫైళ్లను చదవవు, వాటి యూనిట్ ఫైలులోనే రాయాలి. ప్రోగ్రాములను కంటైనరు అనే విడి పెట్టెల్లో నడిపే డాకర్‌లో ఇమేజీని దింపేది నేపథ్యంలో నడిచే డీమన్, ప్యాకేజీలు దింపేది బిల్డ్ దశ, చివరకు నడిచేది కంటైనరు. డీమన్‌కు చేసిన అమరిక మిగతా రెండింటికీ చేరదు. కంటైనరు లోపల 127.0.0.1 అంటే ఆ కంటైనరే కాబట్టి, హోస్టు యంత్రంలో నడుస్తున్న సీఎన్‌టీఎల్ఎంకు ఆ చిరునామాతో చేరుకోలేరు.

తప్పు ఎక్కడుందో తేల్చే వరుస

ప్రాక్సీ పనిచేస్తుందా అన్న ప్రశ్నను లైబ్రరీ ప్రమేయం లేకుండా ముందు తేల్చుకోవాలి. కర్ల్‌కు ప్రాక్సీ చిరునామాను కమాండులోనే ఇచ్చి, వివరంగా చూపమని అడిగితే, కనెక్ట్ పంక్తి వెళ్లిందా, 200 వచ్చిందా, 407 వచ్చిందా, ఆ తరువాత ఎవరి సర్టిఫికెట్ కనిపించిందీ వరుసగా తెలుస్తుంది. అక్కడ అన్నీ సరిగా ఉంటే తప్పు ప్రాక్సీది కాదు. అప్పుడు ప్రోగ్రాము నడిచే ప్రక్రియకు నిజంగా ఏ వేరియబుళ్లు అందాయో, టెర్మినల్‌లో కాకుండా ప్రోగ్రాము లోపలి నుంచే ముద్రించి చూడాలి. లినక్స్‌లో నడుస్తున్న ప్రక్రియ ఏ వేరియబుళ్లతో మొదలైందో ప్రాక్ డైరెక్టరీలోని ఎన్వైరాన్ ఫైలు చూపిస్తుంది. పెద్ద అక్షరాల్లో ఒక విలువ, చిన్న అక్షరాల్లో పాతబడిన మరో విలువ ఉండిపోవడం ఈ దశలోనే బయటపడుతుంది. వేరియబుళ్లు సరిగా అందినా రిక్వెస్ట్ వెళ్లకపోతే, ఆ లైబ్రరీ వాటిని చదివే రకమా కాదా అన్నది మిగిలిన ప్రశ్న.

ఇంతటితోనూ తేలకపోతే నెట్‌వర్క్ బృందాన్ని అడగవలసింది ఒక్కటే: ఫలానా నిమిషంలో, ఫలానా యంత్రం నుంచి ప్రాక్సీ లాగ్‌లో ఏదైనా పంక్తి పడిందా అని. పంక్తి ఉంటే దాని పక్కనున్న సంఖ్య, అది 403 (అనుమతి లేదు) అయినా 407 (లాగిన్ కావాలి) అయినా, తిరస్కరణకు కారణం చెబుతుంది. పంక్తి లేకపోతే ప్రోగ్రాము ప్రాక్సీ దాకా రానే లేదు, వెతకవలసిన చోటు మళ్లీ కోడులోని ఆ లైబ్రరీయే.